సైఫై ఆయుధం తయారీ: ముందు ఒర, తర్వాతే తుపాకీ

సైన్స్ ఫిక్షన్ ఆయుధం చేద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదట గొట్టం గీస్తారు. పొడవాటి గొట్టం, దాని చుట్టూ నీలం లైట్లు, పక్కన రెండు రెక్కలు. కాగితం మీద అదిరిపోతుంది. షార్ట్ ఫిల్మ్ షూటింగ్ రోజునో, హైటెక్స్‌లో కామిక్ కాన్ (ఇష్టమైన పాత్రల వేషాల్లో వచ్చే అభిమానుల వేడుక) రోజునో అసలు ఇబ్బంది తెలుస్తుంది. దాన్ని ఒంటి మీద పెట్టుకునే చోటే ఉండదు. నీళ్లు తాగాలన్నా, ఫోన్ ఎత్తాలన్నా పక్కవాళ్ల చేతికి ఇవ్వాలి. నిచ్చెన ఎక్కే సీన్ ఉంటే డైరెక్టర్ ఆ సీనే మార్చుకోవాలి.

అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాను. ఆయుధం ఒంటి మీద ఎక్కడ ఉంటుందో ముందు తేల్చుకోండి. కొలత, ఆకారం, మెటీరియల్, చివరికి రంగు ఎక్కడ అరిగిపోవాలి అన్నది కూడా దాన్నిబట్టే నిర్ణయమవుతుంది. తెర మీద తుపాకీ పేలేది కొన్ని సెకన్లు. పాత్ర నడుము మీద కనిపించేది కథ పొడవునా. చూసేవాళ్లు నమ్మేది ఆ రెండోదాన్ని చూసే.

మొదటి అడుగు: ఇది ఎవరి ఆయుధం?

ఒక పేజీ రాసుకోండి చాలు. ఉదాహరణకు ఒక పాత్రను తీసుకుందాం. 2150లో, నీళ్లకు కటకటలాడే హైదరాబాద్‌లో, గండిపేట కట్ట మీద కాపలా తిరిగే ఒక మహిళ. 1908 మూసీ వరదల తర్వాత కట్టి 1920లో పూర్తి చేసిన ఆ జలాశయం అప్పటికీ నిలిచే ఉందనుకుందాం. ఆమె తూము గేటు చక్రాన్ని రెండు చేతులతో తిప్పాలి. మెట్లు ఎక్కి దిగాలి. వానలో తడవాలి. బైక్ మీద కట్ట పొడవునా తిరగాలి.

ఇంత రాయగానే సగం డిజైన్ తేలిపోయింది. చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి ఆయుధం ఒంటికి అతుక్కుని ఉండాలి. బైక్ ఎక్కుతుంది కాబట్టి పొడవు తక్కువ ఉండాలి. ప్రభుత్వం ఇచ్చిన ఆయుధం కాబట్టి దాని మీద ఒక నంబరు, ఒక హెచ్చరిక స్టిక్కర్, సర్వీసు చేసిన తేదీ ఉంటాయి. ఇదే ఆయుధం నీళ్ల దొంగ దగ్గర ఉంటే నంబరు గీకేసి, పిడికి సైకిల్ ట్యూబ్ చుట్టి ఉంటుంది. మీ పాత్ర కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అన్నది కూడా ఇప్పుడే రాయండి. హోల్‌స్టర్ (తుపాకీ ఒర) కుట్టాక గుర్తొస్తే మళ్లీ మొదటికి వెళ్లాలి.

రెండో అడుగు: ఒంటి మీద చోటు

ఇక్కడ తొందరపడొద్దు. ఒక్కో పద్ధతికి ఒక్కో ఇబ్బంది ఉంది.

నడుము పక్కన హోల్‌స్టర్ అన్నిటికన్నా తేలిక, అందరికీ అర్థమయ్యేది. బెల్టు నుంచి కిందికి వేలాడే రకం అయితే దాని అడుగు భాగాన్ని తొడకు ఇంకో పట్టీతో కట్టాలి. కట్టకపోతే తుపాకీ లాగినప్పుడు హోల్‌స్టర్ కూడా పైకి లేస్తుంది, పరిగెత్తినప్పుడు తొడకు కొట్టుకుంటుంది. బైక్ మీదో, ఆటోలోనో కూర్చునే పాత్రకు పొట్ట ముందు అడ్డంగా, పిడి ఆయుధం తీసే చేతి వైపు ఉండేలా పెట్టడం మంచిది. కూర్చున్నా చేయి అందుతుంది, సీటుకు తగలదు. మన గండిపేట కాపలాదారుకు నేను ఇదే ఎంచుకుంటాను.

పాతకాలం వాళ్లు దీన్ని ఎలా చేశారో చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి వెళ్లండి. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లొచ్చు. కటారు చూడండి. పిడి అడ్డంగా ఉంటుంది, పిడికిలితో పొడిచే ఆయుధం. నడుముకు చుట్టుకున్న పటకాలో దోపుకునేవారు. ఆ పొడవు, ఆ పిడి వెడల్పు నడుములో దూర్చుకోవడానికి ఎంత బాగా కుదిరాయో గమనించండి. భవిష్యత్తు ఆయుధాలకు ఇంతకంటే మంచి పాఠం ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం. స్కెచ్ పుస్తకం తీసుకెళ్లి పిడులు మాత్రమే గీసుకోండి.

కొక్కెం పద్ధతి ఇంకొకటి. 1977 స్టార్ వార్స్‌లో వెలుగు కత్తుల పిడిని బెల్టుకు ఒక రింగుతో తగిలించుకున్నారు. తర్వాత వచ్చిన సినిమాల్లో పిడికి గుండ్రటి బొడిపె పెట్టి, బెల్టు మీది క్లిప్పులోకి పైనుంచి జారేలా చేశారు. మీరూ చేసుకోవచ్చు. 5 మి.మీ. అక్రిలిక్ ముక్కలో పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే గాడి కోయించండి. ఆయుధానికి పెద్ద తల ఉన్న బోల్టు బిగించండి. పైనుంచి పెడితే తల దూరి, కిందికి జారి ఆగిపోతుంది. పిడి ఆకారంలో ఉన్న పొట్టి ఆయుధాలకు ఇది చక్కగా సరిపోతుంది. కానీ పరిగెత్తితే ఊగుతుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి.

1966లో మొదలైన స్టార్ ట్రెక్ సీరియల్‌లో ఫేజర్లు అనే కిరణాల తుపాకులను నడుముకు వెల్క్రోతో అంటించేవారు. ఈ రోజుకీ చిన్న వస్తువులకు అదే సులభం. అయితే సెట్‌లోనే డైలాగులు రికార్డు చేసే షూటింగ్‌లో వెల్క్రో చిరుగు శబ్దం మైకులో పడుతుంది. అలాంటప్పుడు అయస్కాంతం వాడండి. నియోడిమియం అయస్కాంతాలు చిన్నవైనా గట్టిగా పట్టుకుంటాయి, కానీ నేరుగా లాగితే ఎంత పట్టు ఉంటుందో కిందికి జారేటప్పుడు అంత ఉండదు. కాబట్టి ఆయుధం అడుగున ఆనడానికి చిన్న అంచు పెట్టండి. బరువు అంచు మోస్తుంది, అయస్కాంతం ఊగకుండా చూస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వీటి జోలికి వెళ్లకూడదు.

వీపు మీద కత్తి చూడటానికి గొప్పగా ఉంటుంది, తీయడమే కష్టం. చేయి పైకి చాచినా కత్తి ఒక హద్దు దాకే బయటికొస్తుంది, మొన ఒరలోనే ఉండిపోతుంది. పరిష్కారం ఉంది. ఒరను ఒక పక్క పొడవునా తెరిచి ఉంచి, పైన మాత్రం ఒక క్లిప్పు పెట్టండి. కొంచెం లేపి పక్కకు తిప్పితే వచ్చేస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు మాత్రం చూడకుండా ఎవరూ పెట్టలేరు. కాబట్టి ఆ షాట్ విడిగా తీయండి.

పొడవాటి రైఫిల్ అయితే స్లింగు, అంటే భుజానికి వేలాడేసే పట్టీ. ఒకే చోట తగిలించే పట్టీ స్టైలుగా ఉంటుంది, కానీ వదిలేస్తే మోకాళ్లకు తగులుతుంది. ముందొకటి, వెనకొకటి రెండు కొక్కేలు ఉన్న పట్టీ పెట్టండి.

ఇక బాగా పెద్దవి. 1986లో వచ్చిన ఏలియన్స్‌లో సైనికులు మోసే స్మార్ట్ గన్‌ను కెమెరా కుదపకుండా మోయడానికి కెమెరామెన్ ఒంటికి కట్టుకునే స్టెడీక్యామ్ అనే పరికరం చేతికి బిగించారు. లోపల ఉన్నది ఎంజీ 42 అనే పాత జర్మన్ మెషిన్ గన్. 1984 ఘోస్ట్‌బస్టర్స్‌లో వీపు మీది యంత్రం అమెరికా సైన్యం వాడే బ్యాగు ఫ్రేము మీద కట్టింది. రెండిటిలోనూ సూత్రం ఒకటే. బరువు భుజాల మీద నుంచి నడుముకు దిగాలి. నడుము పట్టీ ఉన్న పాత ట్రెక్కింగ్ బ్యాగు దొరికితే దాని ఫ్రేము దాచుకోండి. ఆయుధం రెండు మూడు కిలోలు దాటితే ఫ్రేము లేకుండా మోయించొద్దు. రోజంతా మోసేవాళ్ల నడుము పట్టేస్తుంది.

మూడో అడుగు: అట్ట నమూనా

అమెజాన్ డబ్బా అట్ట, బ్రౌన్ టేపు చాలు. పక్క నుంచి కనిపించే ఆకారాన్ని అసలు సైజులో కోయండి. పిస్టల్ లాంటిదైతే 25 నుంచి 30 సెం.మీ. మధ్య ఉంచండి. పిడిని పట్టుకున్నప్పుడు బొటనవేలు, మధ్యవేలు దాదాపు తగలాలి. పాత్ర గ్లోవ్స్ వేసుకుంటే గ్లోవ్స్‌తోనే కొలవండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

ఇప్పుడు ఆ అట్టను మీరు ఎంచుకున్న చోట కట్టుకుని ఇంట్లో తిరగండి. మెట్లు ఎక్కండి, స్కూటీ మీద కూర్చోండి, వంగి షూ లేసు కట్టుకోండి. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ కోసేయండి. అట్ట మీద ఒక్క కత్తిరింపుతో తీరేది ఫోమ్ అయ్యాక తీరదు.

తర్వాత దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని ఫోన్‌తో ఫొటో తీయండి. నల్లటి నీడ మాత్రమే కనిపిస్తుంది. ఆ ఫొటోను బొటనవేలి గోరంత చేసి చూసినా ఇది ఫలానా ఆయుధం అని గుర్తుపట్టగలగాలి. గుర్తుపట్టలేకపోతే చిన్న వివరాలు ఎన్ని అతికించినా లాభం లేదు, ఆకారమే మార్చాలి.

నాలుగో అడుగు: ప్రతి భాగానికి ఒక పని

నిజం కాని ఆయుధం నిజమనిపించాలంటే అది ఎలా పనిచేస్తుందో మీకు తెలియాలి. శక్తి ఎక్కడి నుంచి వస్తుంది, వేడి ఎటు పోతుంది, పొరపాటున పేలకుండా ఏది ఆపుతుంది, అయిపోతే ఏం మార్చాలి. ఈ నాలుగింటికీ ఆయుధం మీద నాలుగు చోట్లు చూపించగలిగితే చాలు. నటులకు కూడా చేతులతో చేయడానికి ఏదో ఒక పని దొరుకుతుంది. సీసా మార్చడం, మీట తిప్పడం లాంటివి.

ఆ భాగాలను మొదటి నుంచి తయారు చేయక్కర్లేదు. 1977 స్టార్ వార్స్‌లో వెలుగు కత్తి పిడి నిజానికి గ్రాఫ్లెక్స్ అనే పాత కెమెరా ఫ్లాష్ హ్యాండిల్. అందులో సైనికుల తుపాకులు స్టెర్లింగ్ అనే బ్రిటిష్ తుపాకుల మీద కట్టినవి. అందులోనే హాన్ సోలో అనే పాత్ర పట్టుకునే బ్లాస్టర్ తుపాకీకి మూలం మౌజర్ సీ96 అనే పాత జర్మన్ పిస్టల్. అసలు తుపాకులు మనకు అవసరం లేదు, వాటి జోలికి వెళ్లకూడదు కూడా. కానీ కెమెరా ఫ్లాష్ హ్యాండిల్ కథ మనకు ఎంతో పనికొస్తుంది. మనుషులు నిజంగా వాడటానికి తయారైన వస్తువులో పట్టు, బరువు, అతుకులు అన్నీ ముందే కుదిరి ఉంటాయి.

హైదరాబాద్‌లో దీనికి లోటు లేదు. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత వస్తువులు, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో హార్డ్‌వేర్, పైపులు, రబ్బరు సామాను, బేగంబజార్‌లో ప్లాస్టిక్ సామాను, బొమ్మలు. వెతికేటప్పుడు వస్తువు పేరు మరిచిపోయి ఆకారం మాత్రమే చూడండి. కంప్యూటర్ ప్రాసెసర్ మీద వేడి లాగడానికి ఉండే అల్యూమినియం హీట్‌సింక్, ప్రింటర్ గేర్లు, మిక్సీ జార్ అడుగున ఉండే కప్లర్, స్కూటర్ బ్రేక్ లివర్, పాత ట్రిమ్మర్ బాడీ.

మన గండిపేట ఆయుధానికి నేనైతే వాటర్ ఫిల్టర్ క్యాట్రిడ్జ్‌ను గొట్టంగా, పాత నీళ్ల మీటరు ముఖాన్ని ఛార్జి చూపించే డయల్‌గా పెడతాను. పాత్ర చేసే పనికీ, చేతిలో ఉన్న దానికీ చుట్టరికం కుదురుతుంది. చూసేవాళ్లకు మీటరు అని పేరు తట్టకపోవచ్చు, కానీ ఆ ముఖం వాళ్లు ఇంటి గేటు పక్కన రోజూ చూస్తున్నదే. పరిచయం ఉన్నట్టు అనిపిస్తుంది.

అతికించేటప్పుడు ఒక జాగ్రత్త. పెద్ద ముక్కలు రెండు మూడు, మధ్యరకం కొన్ని, చిన్నవి ఒకే చోట గుంపుగా. మిగతాదంతా నున్నగా వదిలేయండి. ఖాళీ లేకపోతే కంటికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఒరలో దూరే వైపు ఏదీ పొడుచుకు రాకూడదు. చిన్న ముక్కలన్నీ పైనా, బయటి వైపూ పెట్టండి.

ఐదో అడుగు: కట్టడం

చాలామందికి ఈవీఏ ఫోమ్ అనే మెత్తటి రబ్బరులాంటి షీటు సరైనది. తేలిక, మెత్తన, ఎవరికైనా తగిలినా దెబ్బ ఉండదు. 2, 5, 10 మి.మీ. మందాల్లో షీట్లు దొరుకుతాయి. బాడీకి 10, పైపొరలకు 5, సన్నని గీతలకు 2. లోపల ఎముకలాగా ముప్పావు అంగుళం పీవీసీ పైపు పెట్టండి, లేకపోతే గొట్టం వంగిపోతుంది.

అట్ట నమూనాను ఫోమ్ మీద గీసి కొత్త బ్లేడుతో కోయండి. ఒకే గీతలో లోపలికంటా కోయాలని చూడకుండా రెండు మూడు సార్లు అదే గీత మీద లాగండి. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ను చింపుతుంది, కాబట్టి బ్లేడు మార్చడానికి వెనకాడొద్దు. కోసిన అంచులకు హీట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం) చూపిస్తే రంధ్రాలు మూసుకుని నున్నగా మెరుస్తాయి. వేడిగా ఉన్నప్పుడే గొట్టం మీద చుట్టి పట్టుకుంటే ఆ వంపు నిలిచిపోతుంది.

అతికించడానికి ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు తీసుకోండి. రెండు అంచులకూ పల్చగా రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు కలిపి నొక్కండి. తడిగా ఉండగా కలిపితే పట్టదు. ఒకసారి పట్టిందంటే జరపడం కష్టం కాబట్టి గురి చూసుకుని ఒక మూల నుంచి మొదలుపెట్టండి. ఈ జిగురు ఆవిరి మంచిది కాదు, మండుతుంది కూడా. తలుపులు మూసిన గదిలో వద్దు, డాబా మీదో బాల్కనీలోనో చేయండి, మాస్కు పెట్టుకోండి. పక్కన దీపం, స్టవ్ ఉండకూడదు. పైపు, ఫోమ్ కలిసే చోట, బోల్టులు దిగే చోట ఎం-సీల్ పెట్టండి.

థర్మోకోల్ వాడొద్దని నా సలహా. ఈ జిగురు గానీ స్ప్రే పెయింట్ గానీ పడితే కరిగిపోతుంది.

త్రీడీ ప్రింట్ చేయించేవాళ్లకు హైదరాబాద్‌లో తప్పక చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల అంత వేడి రావడం పెద్ద విషయం కాదు. నిటారుగా ఉండాల్సిన గొట్టం సాయంత్రానికి వంగి ఉంటుంది. సుమారు 80 డిగ్రీల దాకా తట్టుకునే పీఈటీజీ అనే ప్లాస్టిక్ అడగండి. లేదా చిన్న వివరాలు మాత్రమే ప్రింట్ చేయించి, బాడీని ఫోమ్‌తోనే కట్టండి. లేజర్ కటింగ్, ప్రింటింగ్ మీద ఆసక్తి ఉంటే రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ గురించి తెలుసుకోండి. ప్రోటోటైపులు తయారు చేయడానికే పెట్టిన కేంద్రం అది. అక్రిలిక్ ముక్కలైతే సైన్‌బోర్డులు చేసే ఏ షాపులోనైనా కోసిస్తారు.

బరువు గురించి ఒక మాట. పిస్టల్ అరకిలో లోపు, రైఫిల్ కిలోన్నర లోపు ఉంచండి. బరువుగా ఉంటేనే నిజంగా ఉంటుందని కొందరు లోపల ఇనుము పెడతారు. అక్కర్లేదు. 1885లో మొదలైన సురభి నాటకాల్లో భీముడి గద ఎంత బరువుందో ఎవరూ తూచి చూడలేదు. భీముడి నడకలో, భుజం ఒరిగిన తీరులో జనం బరువు చూశారు. తేలికైన ఆయుధం ఇచ్చి, దాన్ని బరువుగా ఎత్తడం నేర్పించండి. ఎత్తే ముందు కాలు కొంచెం ఎడంగా వేయడం, దించేటప్పుడు నెమ్మదిగా దించడం సాధన చేయిస్తే చాలు.

ఆరో అడుగు: వెలుగు

తక్కువ పెట్టండి. రెండు చోట్ల వెలిగితే చాలు: శక్తి ఉన్న చోట, అది బయటికొచ్చే చోట.

ఎలక్ట్రానిక్స్ కొత్త అయితే రెండు పెన్సిల్ సెల్స్‌తో వెలిగే రాగి తీగ ఎల్ఈడీ దండ తెచ్చి ఫిల్టర్ గొట్టంలో చుట్టండి. తెలిసినవాళ్లు విడి ఎల్ఈడీలు పెట్టుకోవచ్చు. 5 వోల్టుల సప్లయికి ఎర్ర ఎల్ఈడీ అయితే 150 ఓమ్స్, నీలం లేదా తెలుపు అయితే 100 ఓమ్స్ రెసిస్టర్ సరిపోతుంది. పవర్ బ్యాంకు దాచి పెట్టాలనుకుంటే ఒక చిక్కు ఉంది. ఒకటి రెండు ఎల్ఈడీలు లాగే కరెంటు దానికి లెక్కలోకే రాదు, ఫోన్ తీసేశారనుకుని తనంతట తనే ఆగిపోతుంది. షాట్ మధ్యలో లైటు పోతుంది. మూడు పెన్సిల్ సెల్స్ పెట్టుకోండి, ఈ టెన్షన్ ఉండదు.

ఎల్ఈడీ చుక్క నేరుగా కనిపిస్తే బొమ్మలా ఉంటుంది. దాని ముందు బటర్ పేపరో, పాలరంగు అక్రిలిక్ ముక్కో పెట్టండి, వెలుగు పరుచుకుంటుంది. స్విచ్ వేలికి అందే చోట, ఒరలో దూర్చినప్పుడు నొక్కుకోని చోట ఉండాలి. లేజర్ పాయింటర్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు. గుంపులో ఎవరి కంట్లో పడుతుందో చెప్పలేం, కంటిచూపుకే ప్రమాదం.

శబ్దం కోసం కష్టపడటం అనవసరమని నాకనిపిస్తుంది. సినిమాలో డబ్బింగ్‌లో కలుపుతారు, ఈవెంట్ హాల్లో ఆ గోలలో వినిపించదు.

ఏడో అడుగు: రంగు, అరుగుదల

ఫోమ్ మీద నేరుగా రంగు వేస్తే పీల్చేసుకుంటుంది. తెల్ల ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి మూడు నాలుగు పూతలు వేయండి, ఒక్కోటి పూర్తిగా ఆరాకే తర్వాతది. వానాకాలంలో ఆరడానికి బాగా ఎక్కువసేపు పడుతుంది, అది లెక్కలో పెట్టుకుని ముందుగానే మొదలుపెట్టండి. తర్వాత మొత్తం మ్యాట్ నలుపు అక్రిలిక్. దాని మీద గన్‌మెటల్ (ముదురు ఇనుప బూడిద) రంగును దాదాపు ఎండిన బ్రష్‌తో పైపైన లాగితే ఎత్తుగా ఉన్నచోట లోహం, లోతుల్లో నలుపు మిగులుతాయి. పెన్సిల్ ములుకు పొడి చేసి గుడ్డతో అంచులకు రుద్దితే ఇనుము మెరుపు వస్తుంది. ఖర్చు లేని చిట్కా, కెమెరాలో చాలా బాగుంటుంది.

మన నేలకు చెందిన ఆయుధంలా ఉండాలంటే బిద్రీ పనిని చూడండి. నల్లటి లోహంలో వెండి పొదిగిన ఆ తీగలు, పూలు హైదరాబాద్ ఇళ్లల్లో పాన్‌దాన్‌ల మీద, హుక్కాల మీద ఉండేవి. ఫోమ్ మీద మొద్దు సూదితో గీతలు నొక్కి, మ్యాట్ నలుపు వేశాక ఆ గీతల్లో వెండి రంగు నింపండి. అక్కడక్కడా పొరపాట్లు ఉన్నా అందంగానే ఉంటుంది. ఎక్కడో అమెరికా స్టూడియోలో చేసినట్టు కాకుండా, దక్కన్‌లో పుట్టి భవిష్యత్తులోకి వెళ్లిన ఆయుధంలా ఉంటుంది. పిడి దగ్గర చిన్న భాగానికి చాలు, మొత్తం నింపొద్దు.

అరుగుదలను ఊహించి చల్లొద్దు. ఒరలో పెట్టి తీసినప్పుడు ఏ అంచు రాసుకుంటుందో చూసి అక్కడే వెండి రంగు తేల్చండి. అరచేయి పట్టే చోట నునుపు, బొటనవేలు నొక్కే మీట దగ్గర మరక, అడుగున మట్టి. వానలో తిరిగే ఆయుధం కాబట్టి బోల్టుల కింద తుప్పు కారిన గీతలు. చివరగా మ్యాట్ వార్నిష్. మెరిసే వార్నిష్ వేస్తే లైట్లన్నీ ప్రతిఫలించి ప్లాస్టిక్ బయటపడిపోతుంది.

ఎనిమిదో అడుగు: ఒర కుట్టడం

చోటు ఎప్పుడో తేలిపోయింది, ఇప్పుడు కుట్టడమే. ఆయుధానికి పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టండి. 5 మి.మీ. ఫోమ్‌ను వేడి చేసి దాని మీద వంచి, చల్లారేదాకా పట్టుకోండి. లోపలి గూడు తయారవుతుంది. లోపల మఖ్మల్ గుడ్డ అంటించండి. గుడ్డ లేకపోతే ఎండకు మెత్తబడిన రంగు ఒరకు అతుక్కుని, తీసినప్పుడు పెచ్చులుగా ఊడుతుంది. రంగు వేసి వారం గడిచాకే ఒరలో పెట్టండి.

బయటికి రెక్సిన్. ఇంట్లో కుట్టుమిషన్ రెక్సిన్‌ను, ఫోమ్‌ను కలిపి కుట్టలేదు. బ్యాగులు రిపేరు చేసే అన్న దగ్గరికో, చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికో తీసుకెళ్లండి. ఆయుధం చూపించి, ఎటు నుంచి లాగాలో చేసి చూపించండి. బరువు ఎక్కడ పడుతుందో, ఏ కుట్టు తెగుతుందో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. ఫలానా చోట రెండు కుట్లు వేద్దాం, ఇక్కడ రివిట్ కొడదాం అంటే వినండి. అడిగినంత డబ్బు ఇవ్వండి.

బెల్టు కనీసం 4 సెం.మీ. వెడల్పు ఉండాలి. సన్న బెల్టు ఒక పక్కకు జారిపోతుంది. పైన ప్రెస్ బటన్ ఉన్న చిన్న పట్టీ తప్పనిసరి, జనంలో ఎవరైనా లాగేసే ప్రమాదం ఉంటుంది. పాత్ర వేసేవాళ్లు అద్దం ముందు కాకుండా వీడియో తీసుకుంటూ సాధన చేయాలి. పట్టీ విప్పడం, తీయడం, చూపు ఎదుటి వైపే ఉంచి తిరిగి పెట్టడం.

తొమ్మిదో అడుగు: ఇంటి గడప దాటాక

దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దూరం నుంచి చూసే మనిషికి, భద్రతా సిబ్బందికి మీ చేతిలో ఉన్నది ఏమిటో తెలియదు. అమెరికాలో బొమ్మ తుపాకుల మొనకు నారింజ రంగు గుర్తు తప్పనిసరి చేసింది ఈ కారణంగానే. మీరూ గొట్టం చివర నారింజ రంగు మూత పెట్టుకోండి, షాట్‌లో తీసేయొచ్చు. మన ఆయుధాల చట్టం, 1959 లైసెన్సు లేకుండా నకిలీ తుపాకీని అసలు తుపాకీగా మార్చడాన్ని నిషేధిస్తుంది. నకిలీ తుపాకీని అరెస్టు తప్పించుకోవడానికి వాడినా శిక్ష ఉంటుంది. కాబట్టి తూటా, స్ప్రింగు, గ్యాసు, దేన్నైనా బయటికి విసిరే ఏర్పాటు మీ ప్రాప్‌లో (నటనకు వాడే నకిలీ వస్తువులో) ఉండకూడదు.

ఇంటి నుంచి వేదిక దాకా ఒంటి మీద పెట్టుకుని వెళ్లొద్దు. భాగాలుగా విప్పి, జిప్ ఉన్న బ్యాగులో పెట్టి తీసుకెళ్లండి. మెట్రోలో బ్యాగు స్కాన్ చేస్తారు, తుపాకీ ఆకారం కనిపిస్తే ఆపుతారు. క్యాబ్ మేలు. విమానంలో అయితే బొమ్మ ఆయుధాన్ని చేతి సామానులో అనుమతించరు, చెక్-ఇన్‌లో వేయాలి. విడి లిథియం బ్యాటరీలు మాత్రం దానికి ఉల్టా, చేతి సామానులోనే ఉండాలి. ట్యాంక్‌బండ్ మీదో, చార్మినార్ దగ్గరో షూట్ చేయాలనుకుంటే అనుమతి తీసుకోండి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పండి. ఈవెంట్ అయితే ప్రాప్‌ల నిబంధనలు టికెట్ కొన్న రోజే చదవండి. లోహం, పదునైన అంచులు సాధారణంగా ఒప్పుకోరు. గేటు దగ్గర అడిగితే మీరే విప్పి చూపించండి, లోపల ఫోమ్ అని నొక్కి చూపించండి. పిల్లలు ఫొటో అడిగినప్పుడు గొట్టం ఎవరి ముఖం వైపూ పెట్టనివ్వొద్దు.

బ్యాగులో ఒక చిన్న డబ్బా వేసుకోండి: రబ్బరు జిగురు, ఫెవిక్విక్, నల్ల టేపు, విడి సెల్స్, వెండి రంగు, ఒక బ్రష్, నాలుగు జిప్ టైలు. తిరిగొచ్చాక సెల్స్ తీసేయండి, కారితే లోపలి తీగలన్నీ పాడవుతాయి. చెమట పట్టిన ఒరను నీడలో ఆరబెట్టి, ఆకారం చెడకుండా లోపల పాత పేపరు ఉండచుట్టి పెట్టండి. ఆయుధాన్ని బీరువా మీద పడుకోబెట్టండి, పైన ఏ బరువూ పెట్టకండి. మూలకు ఆనించి నిలబెడితే నెల తిరిగేసరికి ఫోమ్ ఆ వంపులోనే ఉండిపోతుంది.